బాగుండాడు పెద్దాయనా

పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. కింద బేస్ నుంచి ఆరు గంటల నడక. వీపున రేడియో సెట్టు, రెండు అదనపు బ్యాటరీలు, చేతిలో రైఫిలు. జూన్ నెలైనా వాగులో మంచు కరగలేదు. మా ఫోన్లన్నీ బేస్‌లోనే జమ చేసుకున్నారు. నేను రేడియో ఆపరేటర్ని.

అక్కడ తెలుగు మాట్లాడేవాడు ఇంకొక్కడే, మోర్టార్ జవాను. అతనిది విడపనకల్లు, నాది బెళుగుప్ప. ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం.

మూడో రోజు సరిహద్దు అవతలి నుంచి గుండ్లు పడడం మొదలైంది. ఉదయం ఐదు నుంచి తొమ్మిది వరకు, మళ్ళీ సాయంత్రం. మధ్యలో బంకర్లో టీ కాచుకునేవాళ్ళం.

"బెళుగుప్పా, మన గురించి టీవీలో ఏం చెప్తాండారో?" అన్నాడొకసారి.

"పోస్టే ఎగిరిపోయిందని చెప్పింటారు."

"మాయమ్మ నమ్ముతాదప్పా. టీవీ ముందర నుంచి లెయ్యదు."

ఇద్దరం నవ్వుకున్నాం.

ఎనిమిదో రోజు ఉదయం ఆరూ నలభైకి మోర్టార్ గుంత నుంచి సెట్టులో పిలుపు వచ్చింది. "ఒకరికి తగిలింది." ఎవరని అడిగాను. "మీ ఊరివైపు వాడే." సెట్టు పక్కవాడికిచ్చి పరుగెత్తాను. అప్పటికే ప్రాణం పోయింది. దుప్పటి చుట్టి రాళ్ళ చాటున పడుకోబెట్టాం. మబ్బు కమ్మింది, హెలికాప్టర్ రాలేదు.

కంపెనీ కమాండర్ అందరికీ ఒకటే చెప్పాడు. ఇంటికి కబురు హెడ్‌క్వార్టర్స్ నుంచే పోవాలి, ఫోనులో ఎవరూ చెప్పకూడదు. వెనక ఒకసారి తప్పు పేరు వేరే ఇంటికి చేరిందట. ఆయన మాటలో తప్పు లేదు.

పదకొండుకు శాటిలైట్ ఫోన్ ఇచ్చారు. మనిషికి రెండు నిమిషాలు. నాయన ఎత్తాడు.

"ఎట్లుండావురా? మీ కొండ మీద గుండ్లు పడతాండాయని టీవీలో ఒకటే చెప్తాండారు."

"బాగుండా నాయనా."

"ఈడికి విడపనకల్లు నుంచి నీ జతగాడి నాయన వచ్చినాడు. కొడుకు మాట ఇని వారమైందంట. ఇస్తాండా, మాట్లాడు."

ఎదురుగా కమాండర్ గడియారం చూస్తున్నాడు. ఆయనకు తెలుగు రాదు.

"ఏమప్పా, మావాడు యాడుండాడు?"

దుప్పటి నాకు ఇరవై అడుగుల దూరంలో ఉంది.

"డ్యూటీలో ఉండాడు. బాగుండాడు పెద్దాయనా."

"చాలప్పా. ఆ మాట చాలు," అన్నాడాయన. లైను కట్టయింది.

చనిపోయాడని చెప్పొద్దన్నది ఆజ్ఞ. బాగున్నాడని చెప్పమని నాకెవరూ చెప్పలేదు. తెలియదు అనుంటే సరిపోయేది. ఆ ఒక్క మాట నా నోటికి రాలేదు.

రెండు నెలలకు సెలవు దొరికింది. గుంతకల్లులో రైలు దిగి, ఇంటికి పోకుండా నేరుగా విడపనకల్లు పోయాను. పెద్దాయన చేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పాను. కూర్చోమన్నాడు.

"అబద్ధం చెప్పినా పెద్దాయనా."

"తెలుసప్పా." చేయెత్తి చేను చూపించాడు. "వాని కోసరం బెంగ పడి, వాన పడినా విత్తనం ఎయ్యకుండా ఉంటి. నీ మాట ఇని ఇంటికొచ్చి, మర్నాడు తెల్లారుతానే ఎద్దులు కట్టినా. అందరితో నవ్వుకుంటా, పలకరించుకుంటా ఏసినా. మధ్యాహ్నం మిలిటరీ జీపు వచ్చింది. నా కొడుకు సచ్చి ఒక దినమాయ, నేనీడ నవ్వుతాంటి. అదే నాకు మింగుడు పడదు."

కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

తరువాతి ఏడాదే నేను సైన్యం వదిలి వచ్చేశాను. ఊళ్ళో పిల్లలు యుద్ధం గురించి అడుగుతారు. గుండ్ల మోత, మంచు, నడక అన్నీ చెబుతాను. ఆ చేను గురించి మాత్రం చెప్పను. గట్టు నుంచి సగం దాకా పచ్చగా వేరుశనగ. అక్కడ, సాలు మధ్యలో, పచ్చదనం ఆగిపోయింది. ఆ అవతలంతా ఉత్త ఎర్రమన్ను.