మూస్తే లేచి, తీస్తే పడిన ముల్లు

1948 సెప్టెంబరు 14, మంగళవారం, పొద్దున పది గంటల పది నిమిషాలు. మెదక్ పట్టణంలో నేను నర్సుగా పనిచేసిన దవాఖాన, ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క నాలుగో మంచం. ఇంతవరకు నా డ్యూటీ పుస్తకంలో ఉంది కాబట్టి అనుమానం లేదు. తర్వాత జరిగిన దాని మీద ఇప్పటికీ ఉంది.

ముందురోజే యూనియన్ సైన్యం నిజాం సరిహద్దు దాటింది. మాకు ఖాయంగా తెలిసింది అంతే. సైన్యం ఎంత దూరంలో ఉందో, రోడ్డు మీద పోతున్న లారీలు ఎవరివో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పేవారు. డాక్టరమ్మ తుపాకి దెబ్బ తిన్న మనిషికి ఆపరేషన్ చేస్తూ థియేటర్‌లో ఉంది. వార్డులో ఉన్నది నేను, కాంపౌండర్ దేవదానం గారు. నాకు ఇరవై నాలుగేళ్ళు, ఆయనకు యాభై దాటాయి.

నాలుగో మంచం మీద బాలమ్మ. హవేలిఘనపూర్ దగ్గరి పల్లె, ఇరవై రెండేళ్ళు, ఏడో నెల గర్భిణి. రెండు ఊపిరితిత్తులకూ న్యుమోనియా. పెదవులు నీలంగా ఉన్నాయి. నిమిషానికి ఆరు లీటర్ల ఆక్సిజన్ పెట్టమని డాక్టరమ్మ చెప్పి పోయింది. బాలమ్మ మగడు రాములు ఊళ్ళో నీరటి, అంటే చెరువు తూము ఎత్తి పొలాలకు నీళ్ళు వదిలే మనిషి. ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

తెలియనివారి కోసం రెండు మాటలు. సిలిండర్ తల మీద కీ తిప్పితే గ్యాస్ రెగ్యులేటర్‌లోకి వస్తుంది. రెగ్యులేటర్ ఆ ఒత్తిడిని తగ్గించి, రోగికి ఎంత కావాలో అంతే వదులుతుంది. దాని మీద ప్రెషర్ గేజ్ ఉంటుంది. అందులో వంపు తిరిగిన సన్నని ఇత్తడి గొట్టం ఒత్తిడికి కొంచెం సాగి ముల్లును తిప్పుతుంది. మా సిలిండర్ నిండుగా ఉంటే ముల్లు చదరపు అంగుళానికి 1,800 పౌండ్లు చూపేది. గ్యాస్ నీళ్ళ సీసాలో బుడగలుగా లేచి, రబ్బరు గొట్టం గుండా ముక్కులోకి పోయేది.

సరిహద్దులో రాకపోకలు ఆగి సిలిండర్లు రావడం గగనమైంది. అందుకని మా హెడ్ నర్సు ఒక నియమం పెట్టింది: కీ పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకూడదు, గ్యాస్ ఆదా అవుతుంది. ఎట్లా ఆదా అవుతుందని మేమెవ్వరం అడగలేదు. ఆ రోజు మిగిలినవి రెండే సిలిండర్లు కాబట్టి నేను పావు చుట్టు కూడా తిప్పలేదు. ముల్లు లేవగానే ఆపేశాను.

"సిస్టరమ్మా, నీళ్ళ సప్పుడు ఆగింది" అన్నది బాలమ్మ. అప్పుడే గడియారం చూసి రాసుకున్నాను.

సీసాలో బుడగ ఎప్పుడో ఒకటి వస్తున్నది. ముల్లు 200 మీద ఉంది. కొత్త సిలిండర్, పెట్టి అరగంట కాలేదు. రెగ్యులేటర్ మూశాను. ముల్లు మెల్లగా లేచి 1,750కి పోయింది. తీశాను. మళ్ళీ 200.

"గిదేందమ్మా, మూస్తె లేస్తది, తీస్తె పంటది! ముల్లు సుత రజాకార్ల భయానికి పరేషాన్ అయినట్టుంది" అన్నాడు దేవదానం గారు. నాకు నవ్వు రాలేదు.

ఎక్కడైనా కారుతున్నదేమోనని బిగింపులన్నిటికీ సబ్బు నురుగు పూశాం. ఒక్క బుడగ పొంగలేదు. కీ బిగుసుకుపోయిందేమో, చుక్క నూనె వేద్దామన్నాడాయన. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆక్సిజన్ తగిలితే నూనె భగ్గుమంటుంది.

పది గంటల ఇరవై ఆరు నిమిషాలకు రాములు లేచి నిలబడ్డాడు. "సిస్టరమ్మా, తూము మంచిగ లేపినవా?"

"నువ్వు బయట కూర్చో" అన్నాను.

"గిది నీ చెరువు కాదయ్యా, గ్యాసు. జర పక్కకు జరుగు" అన్నాడు దేవదానం గారు.

మొదటి సిలిండర్ మీద సుద్దముక్కతో 'ఖాళీ' అని రాసి రెండోది పెట్టాం. కీ మళ్ళీ అంతే తిప్పాను. మూస్తే 1,800, తీస్తే 250. అయితే గేజ్ తప్పు అనుకుని మగవాళ్ళ వార్డు నుంచి వేరే రెగ్యులేటర్ తెప్పించాం. దాని ముల్లు కూడా అదే ఆట ఆడింది. రెండు సిలిండర్లూ ఖాళీయా? రెండు గేజ్‌లూ చెడిపోయాయా? ఖాళీదైతే మూసినప్పుడు 1,800 ఎందుకు చూపాలి? బాలమ్మ గోళ్ళు కూడా నల్లబడ్డాయి. నా బుర్ర పనిచేయడం మానేసింది.

రాములు బయటికి పోలేదు. గోడకు ఆనుకుని ముల్లునే చూస్తున్నాడు. ఈసారి నన్ను కాదు, దేవదానం గారిని అడిగాడు.

"అయ్యా, తప్పుగ అనుకోకుండ్రి. మా చెరువు కాడ గిట్లనే అయితది. తూము జరంత లేపి, కాల్వకు అడ్డం కడితె కాల్వ నిండుతది. అడ్డం తీస్తె అడుగంటుతది. చెరువు మాత్రం నిండుగనే ఉంటది. మీ ముల్లు కాల్వను చూపెడుతుందా, చెరువునా?"

దేవదానం గారు నా మొహం చూశాడు. నేను కీ పట్టుకుని ఒక చుట్టు తిప్పాను. ఇంకొకటి. ముల్లు 1,750 దగ్గర నిలిచింది. రెగ్యులేటర్ తీసే ఉంది, అయినా పడలేదు. సీసాలో నీళ్ళు కుతకుతలాడాయి. పది గంటల యాభై నాలుగు.

"వస్తుంది సప్పుడు" అన్నది బాలమ్మ, కళ్ళు తెరవకుండానే. పావుగంటలో పెదవులకు రంగు వచ్చింది. పదమూడు రోజుల తర్వాత నడిచి ఇంటికి పోయింది.

ఆ సాయంత్రం పాత పుస్తకం ముందేసుకుని లెక్క కట్టాను. ఆగస్టు రోగులకు పెట్టినట్టు నిమిషానికి నాలుగు లీటర్ల చొప్పున నిండు సిలిండర్ పదకొండు గంటల నలభై ఐదు నిమిషాలు రావాలి. ఆగస్టులో మూడింటిని ముల్లు పడిందని తీసేసి, ఖాళీ అని తిప్పి పంపాం. అవి వచ్చింది ఐదు గంటలు, ఆరు గంటలు, ఐదున్నర. ఆ అంకెలు రాసింది నేనే. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని తట్టలేదు.

గేజ్ చూపేది కీ దాటి వచ్చిన ఒత్తిడిని. గ్యాస్ పోనప్పుడు ఇరుకు సందులోంచైనా ఒత్తిడి నిండుతుంది, పోతున్నప్పుడు నిండలేక పడిపోతుంది. ఆదా చేసేది రెగ్యులేటరే, కీ కాదు. ఆ తర్వాత ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో కీ మెల్లగా, పూర్తిగా తెరిచాను. గ్యాస్ ఆపి ఒకసారి, వదిలి ఒకసారి ముల్లు చూసి రెండు అంకెలూ రాశాను. మంచం పక్క మనిషి ఏదైనా అడిగితే బయటికి పొమ్మనలేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవైకి బాలమ్మకు కాన్పు అయింది. బిడ్డ ఏడవలేదు. జ్వరానికి కూడా అట్లా అవుతుందని డాక్టరమ్మ అన్నది. అది నిజమో, నా కోసం అన్నదో తెలియదు. నష్టం లెక్కలో ఆ బిడ్డను వేయాలా వద్దా అని చాలా ఏళ్ళు తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు వేస్తున్నాను.

ఖాళీ అని తిప్పి పంపిన సిలిండర్లు మూడు. వాటిలో వాడకుండా పోయిన ఆక్సిజన్ పద్దెనిమిది గంటల నలభై ఐదు నిమిషాలది. బాలమ్మకు ఊపిరి చాలనిది నలభై నాలుగు నిమిషాలు, అందులో రాములు మొదట అడిగిన తర్వాతవి ఇరవై ఎనిమిది. మగశిశువు ఒకడు, రెండు పౌండ్ల పదకొండు ఔన్సులు.