నిద్రగన్నేరు గారి గడువు

మా విభాగాధిపతిని చాటుగా అందరం నిద్రగన్నేరు అంటాం. భోజనం కాగానే ఆకులు ముడుచుకున్నట్టు ఆయన కళ్లు ముడుచుకుపోతాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన సొంతంగా వెలగబెట్టింది ఒక్క డ్రైవరు. మా కంపెనీ తయారుచేసే రక్తపరీక్షల యంత్రంలోని బోర్డుకీ కంప్యూటరుకీ మధ్య మాటలు నడిపే ప్రోగ్రాం అది. దాని మీద ఈగ వాలనివ్వడు.

కొన్నాళ్లుగా ఆ డ్రైవరు బోర్డులు చచ్చాయని వరసపెట్టి చెబుతోంది. చచ్చాయంటే టంకం సరిగా పడలేదని అర్థమట. ఆ టంకం వేసేది మా వదిన. ఆవిడ చేతిపనికి ఇంతవరకూ వంక పెట్టినవాళ్లు లేరు. ఈయనగారు మాత్రం రెండింటికల్లా తన గదికి వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలని, రాకపోతే ఇక పనిలోకి రానక్కర్లేదని కబురంపాడు. తన ప్రోగ్రాంలోనే తప్పుందేమోనన్న అనుమానం కలలో కూడా రాలేదు. అన్నేసి కలలు కనే మనిషికి!

నాకు ఒళ్లు మండి ఆ డ్రైవరు తెరిచాను. చదివాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది బోర్డుని “సిద్ధమా?” అని అడుగుతుంది. జవాబు రాకపోతే చిన్న కునుకు తీసి మళ్లీ అడుగుతుంది. కంప్యూటరుకి వేరే పని తగిలిందా, ఆ కునుకు కాస్తా గాఢనిద్రవుతుంది. ఈలోగా బోర్డు పాపం జవాబు చెప్పేసి కూర్చుంటుంది. ఇది లేచి, బోర్డు వంక చూడకుండా గడియారం చూసి, గడువు దాటింది, బోర్డు చచ్చిందని తేల్చేస్తుంది. రాసినవాడి బుద్ధులు పుణికిపుచ్చుకుంది.

చచ్చిందని తేల్చే ముందు బోర్డు వంక ఇంకొక్కసారి చూడమని రాశాను. మూల పడేసిన బోర్డులన్నీ మళ్లీ పెట్టి చూస్తే ఒక్కటి కూడా మొరాయించలేదు.

వాటిని ట్రేలో పెట్టుకుని ఆయన గదికి పరుగెత్తాను. తలుపు బయట స్టూలు మీద, ఒళ్లో సంచీతో వదిన కూర్చుని ఉంది. రెండు కాకముందే వచ్చిందట. లోపల గురక వినబడితే లేపడం బాగుండదని ఆగిందట.

లోపల ఆయన అప్పుడే లేచి, మొహం తుడుచుకుంటూ ఫోను అందుకుంటున్నాడు. మీ వదిన రాలేదు, తీసేయమని చెబుతున్నానన్నాడు. బోర్డులు బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాను. తన ప్రోగ్రాం భేషుగ్గానే ఉందని, కంప్యూటర్లే బద్ధకించాయని, అయినా ఆ మార్పు ఉండనిమ్మని సెలవిచ్చాడు.

“మరి వదిన సంగతి?”

“బోర్డులు బాగుంటే సరిపోతుందా? పిలిచినప్పుడు రావద్దూ?”

“తలుపు తీసి చూశారా సార్?”

ఆయన కూడా గడియారం వంకే చూశాడు. నేనే వెళ్లి తలుపు తీశాను. వదిన లేచి నిలబడింది. ఆయన ఆవిడని ఎగాదిగా చూశాడు.

“ఇప్పుడా రావడం?” అని కసిరి, పెద్ద మనసుతో క్షమించేసినవాడిలా ఫోను పెట్టేసి, “సరే, వెళ్లి పని చూసుకో” అన్నాడు.