జామ అంటు పగలగొట్టిన రెండు కుండీలు

2023 వానాకాలం. జహీరాబాద్‌లో హైవే పక్కన నా కుండీల దుకాణం. టెర్రకోట, అంటే కాల్చిన మట్టి కుండీలు ఎండకు, ఇంటి బయటకు. సిరామిక్, అంటే మెరుపు పూత ఉన్నవి హాల్లోకి. ఏది ఎక్కడ పెట్టాలో నాకు అంతా తెలుసనుకునే రోజులవి.

ఒక పొద్దున మొగులప్ప కాకా పగిలిన కుండీని సంచిలో మోసుకొచ్చాడు. ఝరాసంగం దగ్గర చేను అమ్ముకొని, మా ఊళ్లోనే ఉన్న కొడుకు ఇంటికి వచ్చిన పెద్దమనిషి. పది రోజుల్లో ఇది రెండోది.

"ఏం బిడ్డా, అప్పడాలమ్ముతున్నవా, కుండీలా?"

నవ్వు రాలేదు. అందులో పెట్టింది ఆయన చేనిలోని జామచెట్టుకు కట్టిన అంటు. చేను కొన్నవాళ్లు ఆ చెట్టు కొట్టేశారు. మిగిలింది ఈ ఒక్క అంటు మాత్రమే. రెండుసార్లు వేర్లు కదిలి, ఆకులు వాలిపోయాయి. ఇంకోసారి కుండీ పగిలితే బతకదు.

కోహీర్‌లో కుండీలు చేసే అన్నకు కోపంగా ఫోన్ చేశాను. "ఎట్ల కాలుస్తున్నవే అన్నా?"

"జర కొట్టి చూడు చెల్లె. సప్పుడు ఇను, ఆనక తిట్టు."

దుకాణంలో ఉన్న అదే రకం కుండీలన్నిటినీ వేలితో కొట్టాను. అన్నీ ఖంగుమన్నాయి. బాగా కాలినవే, కుండీలో తప్పు లేదు. మరి ఎందుకు పగులుతోంది? దుకాణం మూసి, కాకాతో కలిసి ఆయన కొడుకు ఇంటికి ఆటో ఎక్కాను.

అంటు బకెట్లో ఉంది. పక్కన బస్తాలో మట్టి. ముట్టుకుంటే నల్లరేగడి! రాయిలా గట్టిపడి, నెర్రెలు విచ్చి ఉంది.

"కాకా, గీ మట్టి యాడిది?"

"నా చేనుదే. పత్తి, కంది పండిన మట్టి. దీన్ని మించింది ఉన్నదా?"

చెంబెడు నీళ్లు పోసి చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి నెర్రెలు మూసుకుపోయి, మట్టి ఉబ్బింది. దొరికింది! కాకా కోడలు స్వప్న హాల్లో అందంగా ఉంటుందని మెచ్చిన కుండీ పెద్ద బొజ్జ, సన్నని మూతి ఉన్నది. ఉబ్బిన మట్టి పైకి పోలేక పక్కలను తోసేసింది.

"కాకా, చేన్ల ఉబ్బితే జాగ ఉంటది. కుండీల యాడికి పోతది?"

ఆయన బస్తా మీద చేయి వేశాడు. "పారేయనంటే పారేయ. చేను బోయింది, చెట్టు బోయింది. గిది గూడ పొమ్మంటవా?"

"పారేయమన్ననా? జరంత కలుపుదాం."

మూడు పాళ్లు మన ఊరి ఎర్రమట్టి, ఒక పాలు పశువుల ఎరువు, రెండు దోసిళ్లు ఆయన చేను మట్టి. ఈసారి కుండీ వెడల్పు మూతిది, నిటారు గోడలది. అడుగున మూడు డ్రైనేజ్ హోల్స్, అంటే నీళ్లు దిగే రంధ్రాలు. వాటి మీద పగిలిన పాత కుండీ పెంకులే పరిచాను.

"హాల్ల పెడదమా ఆంటీ?" అంది స్వప్న.

"జామకు ఎండ కావాలె బిడ్డా. మిద్దె మీద పెట్టు. నీ హాల్‌కు మనీప్లాంట్ ఇస్త."

మూడు వారాల తర్వాత ఫోన్. "బిడ్డా, రెండాకులు! రెండు!" కాకా అరుస్తున్నాడు. నేనూ దుకాణంలో నిలబడి అంతే గట్టిగా అరిచాను. కొనడానికి వచ్చినాయన ఏమైందోనని బెదిరిపోయాడు.

అప్పటిదాకా నేను మొక్క ఏది, ఇంట్లోకా బయటికా అని మాత్రమే అడిగేదాన్ని. మట్టి సంగతి అడగాలని తట్టలేదు. యాభై ఏళ్లకు అక్షరాలు దిద్దుకున్నదాన్ని; నా చేత్తో రాసిన మొదటి బోర్డు అప్పుడే కట్టాను: "పిడికెడు మట్టి తెండి. కుండీ తర్వాత చూద్దాం." ఇప్పుడు జనం టిఫిన్ డబ్బాల్లో, కవర్లలో మట్టి తెస్తున్నారు.

మొన్న కాకా మళ్లీ వచ్చాడు. మిద్దె మీది జామకు కొత్తగా అంటు కట్టాడట. నేను అడగకముందే రుమాలు ముడి విప్పి బల్ల మీద పరిచాడు. అందులో రెండు దోసిళ్ల నల్లమట్టి.