స్పీకరు పక్కన పెట్టిన ఫ్లాపీ

ఆ ఫ్లాపీ పాడు కాలేదు. ముందుగా ఈ మాట రాయాలి. సీతారామపురం వైపు ఒక పల్లెలో ఇప్పటికీ వేరే కథ చెప్పుకుంటారు. ఆ కథ పుట్టించింది నేను.

తొంభైల చివర ఆత్మకూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. టైపింగ్ నేర్పడం, పెళ్లిపత్రికలు, బయోడేటాలు కొట్టడం నా పని. ఒకరోజు ఆ పల్లె బడి టీచరమ్మ వచ్చింది. మా అమ్మ వయసుంటుంది. వాళ్ల ఊరి బోరునీళ్లలో ఫ్లోరైడ్. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు, పెద్దవాళ్లకు మోకాళ్లు వంగవు. మంచినీళ్ల పైపు ఏ ఊరికి వేయాలో తేల్చడానికి నెల్లూరు నుంచి ఆఫీసర్లు ఉదయగిరి వస్తున్నారు. అక్కడ ఒక ఆఫీసుకు కొత్తగా కంప్యూటర్ వచ్చింది. ఫొటోలు దాని మీద చూపిస్తే చూస్తామన్నారట.

ఆమె తెచ్చిన ఫొటోలను స్కాన్ చేసి, స్లైడుకు ఒకటి చొప్పున పెట్టి కింద రెండు ముక్కలు రాశాను. ఆమె పక్కన కూర్చుని చెబుతూ పోయింది.

"ఈ పిల్ల నవ్వదబ్బయ్యా. ఫొటో కోసరం నవ్వమంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునింది. బతిమిలాడి తీయించినాను."

పనయ్యాక డెస్క్‌టాప్ మీదున్న ఆ ఫైలు బొమ్మను ఫ్లాపీలోకి పంపాను. ఫొటోలున్న ఫైలు ఎక్కాలంటే డ్రైవు చాలాసేపు కిర్రుకిర్రుమంటుంది. ఆ రోజు ఒక్కసారి కిర్రుమని ఆగింది. త్వరగా అయిపోయిందనుకున్నాను. ఫ్లాపీలోంచే తెరిచి చూపించాను. బాగానే తెరుచుకుంది.

వాళ్ల ఊళ్లో కొత్త వస్తువు ఏదైనా వాడేముందు చర్చిలో బల్ల మీద పెట్టి ప్రార్థన చేయించుకుంటారు. విత్తనాలు, హాల్‌టికెట్లు, పిల్లల పలకలు. ఆ ఆదివారం ఫ్లాపీ పెట్టారు. బల్ల పక్కనే స్పీకరు పెట్టె.

మౌసు పట్టుకోవడం తనకు రాదని ఉదయగిరికి నన్నూ రమ్మంది. ఆఫీసర్లు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. ఫ్లాపీ పెట్టి, ఫైలు మీద నొక్కాను. తెర మీద చిన్న పెట్టె వచ్చింది. అందులో ఒక టార్చిలైటు అటూ ఇటూ ఊగుతూ వెతకసాగింది.

"టార్చి ఏసి ఎతుకుతుండాది సార్. టీచరమ్మోళ్ల ఊళ్లో కరెంటు పోయినట్టుండాది" అన్నాడు అక్కడి గుమస్తా. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

టార్చి ఆగింది. కంప్యూటర్ ఫైలు కనబడలేదని చెప్పి, దీనికి దగ్గరగా ఉన్నది ఇదేనంటూ ఆ ఆఫీసుదే వేరే ఫైలు పేరు చూపించింది. అప్పుడు నా కన్ను ఫ్లాపీలోని బొమ్మ మూల మీద పడింది. చిన్న వంకర బాణం. నేను పంపింది ఫైలును కాదు, ఫైలు ఎక్కడుందో చెప్పే గుర్తును మాత్రమే. అసలుది ఆత్మకూరులోనే ఉండిపోయింది. ఆ మిషన్లో ఉంది కాబట్టి అక్కడ తెరుచుకుంది.

"ఏమైందయ్యా?" అన్నాడు పెద్ద ఆఫీసరు.

నేను ఆమె వైపు తిరిగాను. "ఫ్లాపీ ఎక్కడెక్కడ పెట్టినారు టీచరమ్మా?"

ఆమె దాచుకోకుండా చెప్పింది.

"స్పీకర్లో అయస్కాంతం ఉంటాది. అది తుడిచేసింది" అన్నాను.

గొంతు మామూలుగానే ఉంది. నాకు బాగా గుర్తు.

"మీ మిషన్లో ఉండాది గదా? రేపు నువ్వు మళ్లా ఎక్కించిస్తే నేనే నెల్లూరు పోయి చూపించొస్తాను" అందామె.

అలా చేసి ఉండొచ్చు. కానీ రేపు డ్రైవు అంతసేపు మోగితే, మొన్న ఎందుకు మోగలేదని అడుగుతుందేమో అనిపించింది.

"లేదు. జాగా చాలక తీసేసినాను."

కాగితం ఫొటోలు ఊళ్లోనే ఉండిపోయాయి. ఆమె నిలబడి నోటితో చెప్పింది. పిల్లల పళ్ల గురించి చెబుతూ తన పళ్లు చూపించింది. ఆఫీసర్లు విన్నారు. వింటూనే గడియారం చూసుకున్నారు. పైపు వేరే ఊరికి పోయింది. అక్కడా అవే నీళ్లని తర్వాత తెలిసింది. నాకు నేను సర్దిచెప్పుకోవడానికి ఆ మాట కొన్నాళ్లు పనికొచ్చింది.

సాయంత్రం ఆత్మకూరు చేరగానే ఆ ఫ్లాపీనే పెట్టి చూశాను. తెరుచుకుంది. చెయ్యి అడ్డం తీసి నవ్వుతున్న పిల్ల. ఫైలును చెరిపేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. తీసేశానని చెప్పాను కదా.

"ఏందిరా, పాస్టరు ప్రార్థన జేసినా ఫైలు రాలేదంటనే?" అన్నాడు సెంటర్ ఓనరు. నేనూ నవ్వాను.

చాలా ఏళ్లకు వింజమూరు బస్టాండులో ఆమే నన్ను గుర్తుపట్టింది. కాళ్లు వంచలేక పక్కకి ఊగుతూ నడిచి వచ్చింది.

"నీ కష్టమంతా నా చేతులారా పాడుజేసినాను గదబ్బయ్యా."

ఆమె చేతిలోని సంచి అందుకున్నాను.

"అప్పట్నించీ మా చర్చిలో బల్ల మీద ఏం పెట్టినా, ముందు స్పీకరు ఎత్తుకుపోయి బయట పెట్టొస్తారు. పలక పెట్టినా అంతే. అందరికీ అలవాటైపోయినాది."

బస్సు వచ్చింది. ఆమె సంచి లోపలికి అందించాను. కిటికీలోంచి, ఇంట్లో అందరూ బాగుండారా అని అడిగింది. బాగున్నారన్నాను.

ఆమె ఇప్పుడు లేదు. ఆ చర్చివాళ్లు ఎవరైనా ఇది చదివితే, స్పీకరును లోపలే ఉంచుకోండి. అది ఏమీ చెరపలేదు.