తీతువుకు కట్టిన ఎర్ర పేలిక

పొద్దున పెనుకొండ రోడ్డులో జట్కా దిగేసరికి బీడులో తీతువు ఒకటే అరుపు. మా అవ్వ వక్కాకు సంచి గుర్తొచ్చింది. సున్నం వాసన కొట్టే ఆ సంచిలో ఎప్పుడూ ఒక ఎర్రగుడ్డ పేలిక ఉండేది. మనమంతా కలిసి ఫస్ట్ ఫారం చదివే రోజుల్లో, వేరుశనగ విత్తే ముందు చేలో తీతువు గుడ్లు కనబడితే, అవ్వ పక్కనే కట్టె పాతి ఆ పేలిక కట్టేది. ఇక దున్నే మడక ఆ కట్టెను చుట్టి పోవాల్సిందే. మీ చేలలోనూ కట్టేవాళ్లు కదా, గుర్తుందా?

"తీతువు అరిస్తే చెడంటారు కదవ్వా?" అంటే, "గుడ్లు తొక్కబోతే అరవక నవ్వుతుందా?" అనేది.

ఇప్పుడా బీడును ఇళ్లస్థలాలకు కొలిచి, వరసగా హద్దు కొయ్యల గూటాలు కొడుతున్నారు. ఆ వరసలోనే తీతువు గుడ్లు కనబడ్డాయి. అవి చూపించి ఆపమంటే కొలతల మేస్త్రీ నవ్వాడు.

"కాలేజీ చదివి పిట్ట కోసం కొట్లాడతాండావేమ్మా? ఈడేముండాది, ఒట్టి బీడు!"

"ఒట్టి బీడయితే అదెవరి కోసం అరుస్తాండాదన్నా?"

అతని గూటమే ఒకటి పీకి గుడ్ల పక్కన పాతాను. నా ఎర్ర ఓణీ అంచు చించి దానికి కట్టాను. వాళ్లు పీకితే మళ్లీ పాతుతాను. మీరూ పేలికలు తీసుకుని రండి. ఆ బీడులో గుడ్లు ఇంకా ఉన్నాయి, పేలికలు కట్టడానికి గూటాలూ ఉన్నాయి.