గిటార్ మీద చందనం బొట్టు

పంతొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండే మాటలు. అనడానికి ఒక్క క్షణం పట్టలేదు. దించుకోవడం మాత్రం ఇన్నేళ్లయినా చేతకాలేదు. మీరు నాకేమీ కారు, నేను మీకేమీ కాను. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నాకు ఇరవై ఆరు. పుదుచ్చేరిలో, తట్టాంచావడి ఫ్యాక్టరీలో లేత్ మీద పని. గిటార్ పిచ్చి. కొట్లో వేలాడే గిటార్ కాదు, నేను బిగించిన గిటారే కావాలని పంతం. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చదివి చదివి, చెన్నైలో ఒక కొట్టాయన ద్వారా ఎలక్ట్రిక్ గిటార్ విడిభాగాల పెట్టె తెప్పించాను. పాలిష్ లేని పచ్చి చెక్క ఒళ్లు, మెడ, బిరడాలు, తీగల నాదాన్ని పట్టే పికప్‌లు, వైర్లు, ఒక సంచి నిండా మరలు. వైర్ల పని నాకొచ్చు. చెక్కకు మెరుగు పెట్టడం రాదు. దానికి మా మామ ఉన్నాడు.

మామ అంటే మా అమ్మకు అన్న. ముత్తియాల్‌పేటలో ఇంటి ముందు రేకుల కింద ముప్పై ఏళ్లకు పైగా పాలిష్ పని చేశాడు. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డలో చుట్టిన దూదిని అందులో ముంచి, తలుపుల మీదా బీరువాల మీదా పొర మీద పొర రుద్దేవాడు. ఆ ఏడు ఆయన కళ్లలో పొర మొదలైంది. బీచ్ వైపు ఒక బంగళావాళ్లు మచ్చలున్నాయని తలుపు తిప్పి పంపారు. అప్పటినుంచి అత్త ఒకటే పోరు, ఇంక చాలించమని. ఆ పని తప్ప మామకు ఇంకో లోకం లేదు. చివరికి ఆయనే ఒక మాటకొచ్చాడు. ఈ గిటార్ మచ్చ లేకుండా వస్తే పని చేస్తాను, రాకపోతే నీ మాటే వింటాను అన్నాడు. అత్త సరేనంది. ఇదంతా నా ఎదుటే జరిగింది. నాకు తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు.

ముందు నాలుగు రోజులు నా చేత ఉప్పు కాగితం, అదే గరుకు కాగితం, పట్టించాడు. వేళ్ల చర్మం లేచిపోయేదాకా రుద్దాను. తర్వాత ఆయన దిగాడు. రోజుకు రెండు పొరలు, మధ్యలో ఆరబెట్టడం. కన్ను సరిగా ఆనక, చెక్కను మొహం దాకా తెచ్చుకుని వెలుతురుకు వంచి చూసేవాడు, అరచేత్తో తడిమేవాడు. దసరా దగ్గరపడేసరికి అది తేనె రంగుకు తిరిగింది. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూసి, మామ చేతిని మెచ్చుకుని వెళ్లేవాళ్లు. గిటార్ ఎవరిదని ఒక్కరూ అడగలేదు. అది నాకు గుచ్చుకుంది. ఈ సంగతి కూడా ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆయుధపూజ రోజు మామ పనిముట్లన్నీ కడిగి చెక్క పలక మీద పెట్టాడు, వాటి పక్కనే గిటార్. మా వైపు ఆ రోజు పూజలో పెట్టినవాటిని మర్నాడు విజయదశమి పూజ అయ్యేదాకా ముట్టుకోరు. అత్త ఒక్కోదానికీ చందనం, కుంకుమ పెట్టుకుంటూ వచ్చి గిటార్ దగ్గర చెయ్యి చాపింది. మామ ఆపాడు. లక్క ఇంకా పచ్చిగా ఉంది, తడి తగిలితే తెల్లబారుతుందన్నాడు. పాత పంచె ఒకటి దాని మీద కప్పి, నన్ను ఇల్లు చూసుకోమని, ఇద్దరూ కోవిలకు వెళ్లారు.

సుత్తికి బొట్టు ఉంది. సైకిల్‌కు ఉంది. ఆఖరికి ఉప్పు కాగితం కట్టకు కూడా ఉంది. నా గిటార్‌కు లేదు. పంచె తీశాను. గిన్నెలో మిగిలిన చందనం వేలికి తీసుకుని కింది అంచు దగ్గర ఒక బొట్టు పెట్టి, కుంకుమ అద్ది, దండం పెట్టుకున్నాను. ఒక్క బొట్టుకు ఏమవుతుందిలే అనుకున్నాను. భక్తేనా అది? ఇన్నేళ్లూ భక్తేనని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను గానీ, నిజం అడిగితే, అందరూ మామదే అన్నట్టు చూస్తున్న ఆ వస్తువు మీద నా వేలి గుర్తు ఒకటి ఉండాలనిపించింది. అంతే.

అరగంట తర్వాత, వాళ్లొచ్చేలోగా తుడిచేద్దామని గుడ్డ పెట్టాను. బొట్టు పోయింది, కింద తెల్లటి మచ్చ మిగిలింది. ఇంకో తెలివితక్కువ పని చేశాను. స్పిరిట్‌లో గుడ్డ ముంచి రుద్దాను. లక్క కరిగేదే స్పిరిట్‌లోనని నాకు తెలియదా? తెలుసు. కంగారులో ఆ తెలివి ఏ గంగలో కలిసిందో. అరచేయంత మేర పొరలు లేచి మసకమసకగా అలుక్కుపోయింది. పంచె కప్పేశాను. వాళ్లు వచ్చి ప్రసాదం శనగల సుండల్ చేతిలో పెట్టారు. తిన్నాను.

మర్నాడు పొద్దున పూజ అయ్యాక మామ పంచె తీశాడు. ముందు ఆయన బొటనవేలికి తగిలింది. తర్వాత వెలుతురుకు వంచి చూశాడు. చాలాసేపు చూశాడు. అత్త గడపలో నిలబడి ఉంది. అప్పుడు నన్ను పిలిచాడు.

"నీ కండ్లు మంచివి. నిజం చెప్పురా. నిన్న కప్పేటప్పుడు ఇది ఉండెనా?"

"ఉండింది మామా."

"మరి నాకెందుకు కనపళ్ళా?"

నేను ఊరుకోలేదు. అబద్ధానికి కాలూ చెయ్యీ కూడా అమర్చాను. "నువ్వు చూసుంటావనుకొని నేను చెప్పలే."

ఆయన నా మొహం చూడలేదు. గిటార్ని పలక మీద మెల్లగా ఆనించి అత్త వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పిందే సరి. ఇంక చాలు."

ఆ మధ్యాహ్నమే దూది ఉండ నా చేతికిచ్చాడు. పాడైన చోట ఎట్లా గీకాలో, కొత్త పొరను పాత పొరలో ఎట్లా కలపాలో పక్కన కూర్చుని చెప్పాడు. తను మాత్రం చెయ్యి పెట్టలేదు. పది రోజుల్లో మెరుగు కుదిరింది. మెడ బిగించాను, వైర్లు అతికాను, తీగలు ఎక్కించాను. ఆంప్లిఫయర్‌కు తగిలించి మొదటిసారి మీటితే పైన రేకులు అదిరాయి. మంచి నాదం. మేనల్లుడికి చెయ్యి వచ్చేసిందని మామ వీధంతా చెప్పుకుని మురిసిపోయాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఆయన సంతోషాన్ని చెడగొట్టడం దేనికని సర్దిచెప్పుకున్నాను. ఎవరిని కాపాడుకుంటున్నానో నాకు తెలియదా!

మామ ఒక సైకిల్ స్టాండ్‌లో టోకెన్లిచ్చే పనికి కుదిరాడు. మరుసటేడు కళ్లకు ఆపరేషన్ అయింది. అత్తకు సూదిలో దారం ఆయనే ఎక్కించేవాడు, అంత బాగా కుదిరింది చూపు. మళ్లీ పని పట్టమని నేనే బతిమాలాను. పట్టలేదు. కనపడకపోవడం పెద్ద విషయం కాదట. కనపడటం లేదని కూడా తెలియకుండా పనైపోయిందనుకున్నాడు చూడు, అలాంటివాడు ఇంకొకరి తలుపు మీద చెయ్యి వెయ్యకూడదట. ఎంతో నెమ్మదిగా చెప్పాడు. నేను తల ఊపాను. ఏ మనిషినైనా రెండే మాటలతో తన చేతి మీద తనకే నమ్మకం లేకుండా చెయ్యొచ్చని నాకు ఆ రోజు తెలిసింది.

మామకిప్పుడు డెబ్బై ఏడు. బాగానే ఉన్నాడు. మా ఇళ్లలో అందరం తెలుగే మాట్లాడతాం గానీ తెలుగు చదవడం ఎవరికీ రాదు. చిన్నప్పుడు నెల్లూరులో పిన్ని దగ్గర మూడేళ్లు చదివాను కాబట్టి నాకొక్కడికే వచ్చు. ఇది తెలుగులో రాస్తున్నది అందుకే. ఇక్కడ కూడా దాక్కుంటున్నానని మీకు అర్థమై ఉంటుంది. ఎవరైనా చదివి వినిపిస్తే? వినిపించనీ. భయంగానే ఉంది, అయినా చింపెయ్యను.

మామ కప్పేటప్పుడు ఆ మచ్చ లేదు. ఆయన పెట్టిన మెరుగులో ఏ లోపమూ లేదు. ఆ కళ్లతోనే ఆయన సరిగ్గానే చూశాడు. పాడు చేసింది నేను. ఆ మాట ఒక్కసారి రాసి చూసుకునేసరికి నాకు కొంచెం ఊపిరి ఆడుతోంది. మామ మాత్రం ఇవాళ కూడా తప్పు తనదేననుకుంటున్నాడు.