గిర్ని ముందు నా ఉపన్యాసం

కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు మూతపడ్డ రెండో ఏడు మా బజారులో ఒకదాని తర్వాత ఒకటిగా దుకాణాలు తాళాలు వేసుకుంటుంటే, మా వర్తక సంఘం ఒక పద్ధతి పెట్టుకుంది. మునిగిపోతున్న దుకాణాన్ని ఒకదాన్ని ఎంచుకుని, నెల రోజులపాటు సభ్యుల ఇళ్లన్నీ తమ అవసరాలు అక్కడే తీర్చుకోవాలి. దాన్ని వంతు అనేవాళ్లం. ఏ రోజు ఎవరి ఇల్లో రాసి సంఘం గది గోడకు అంటించేవాళ్లం. అది చందా కాదు, జాలి కాదు, బేరం. ప్రతిపాదించింది నేనే. పుస్తకాల దుకాణం నడుపుకునే నేను అప్పుడు సంఘానికి కార్యదర్శిని. వంతుతో చెప్పుల దుకాణం నిలబడింది. సైకిల్ షాపు భాయ్ నిలబడ్డాడు.

ఎండాకాలంలో పిండి గిర్ని పేరు వచ్చింది. నడిపేది యాభై ఏళ్ల మనిషి. మిల్లు కూలీ అయిన భర్త పోయాక మోటరు విప్పడం, బిగించడం తానే నేర్చుకుంది. మిల్లు క్వార్టర్లు ఖాళీ అయ్యేసరికి పిండి పట్టించుకునేవాళ్లే కరువయ్యారు. వంతు పడకపోతే గిర్ని మూయాల్సిందే. ఆమెకు వేరే బతుకు లేదు.

అడ్డం పడింది పక్కనున్న బట్టల దుకాణం సేటు, ఆయనా సంఘం సభ్యుడే. కారప్పొడో పసుపో పట్టిన తర్వాత, ఇంకొకరి బియ్యం పోసేముందు, ఆమె గుప్పెడు నూకలు వేసి గిర్ని తిప్పేది. లోపల మిగిలిన కారం, పసుపు ఆ నూకలకు అంటుకుని బయటికి వచ్చేవి. వాటిని వాకిట్లో పారబోసేది. గాలికి కొన్ని సేటు గడపకు చేరేవి. ఏ ఊరి గిర్నిలోనైనా జరిగే పనే ఇది. కానీ సేటుకు గిరాకీ లేదు, భార్యకు కడుపు పోయింది. గడపలో ఎరుపు, పసుపు గింజలు కనబడేసరికి ఆయనకు బాణామతి కనబడింది.

వంతు ఖాయం చేద్దామని ఒక పొద్దున పదిమంది సభ్యులం గిర్ని ముందు నిలబడ్డాం. సేటు షట్టర్ లాగే ఇనుప కడ్డీతో వచ్చాడు. వెనక మరో ఏడెనిమిది మంది.

“నా ఇంట్ల కడుపు పోయింది. పొద్దుగాల లేస్తే గడపల పసుపు బియ్యం! గీమెకు మీరు వంతు పెడ్తరా?”

“గవ్వి గిర్ని తుడిసిన నూకలు సేటూ,” అన్నదామె. “నీ ముంగటనే తిప్పి సూపిస్త, రా.”

“సూపించుడు కాదు,” అన్నాడు వెనక నుంచి ఒకడు. “పళ్లు రాలగొట్టుర్రి. పళ్లు లేకుంటె మంత్రం పలుకది.”

నేను గిర్ని మెట్టెక్కి మాట్లాడటం మొదలుపెట్టాను. ఎన్నో సభల్లో మూఢనమ్మకాలను చీల్చి చెండాడినవాణ్ని. మంత్రానికి ప్రాణం తీసే శక్తే ఉంటే, మంత్రగాళ్లుగా పేరుపడ్డవాళ్లు ఇంత దరిద్రంలో ఎందుకు బతుకుతారని అడిగాను. ఇద్దరు తల ఊపారు. వాదన గెలుస్తున్నాననుకున్నాను. తరువాతి వాక్యం తయారు చేసుకుంటున్నాను.

సేటు వెంట వచ్చినవాళ్లు మీద పడ్డారు. మొదట గింజలు పోసే రేకు డబ్బా కూలింది. బెల్టు తెగింది, మోటరు పగిలింది. ఇద్దరు ఆమె జుట్టు పట్టి తల వెనక్కి వంచారు. కడ్డీ నోటి మీద పడింది. రెండోసారి కూడా పడింది. నేల మీది పిండిలో నెత్తురు ముద్దలు కట్టింది. అప్పటికీ నా నోరు ఆగలేదు.

“అరే అన్నా, నీ భాషణ్ బంద్ జెయ్! షట్టర్ పట్టు!”

సైకిల్ షాపు భాయ్ నన్ను కాలర్ పట్టి మెట్టు మీంచి లాగేశాడు. మూడో దెబ్బకు తన చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. రెండో చేత్తో ఆమెను లోపలికి ఈడ్చాడు. నేను షట్టర్ దించుతుంటే రాళ్లు పడ్డాయి. ఒకటి నా కనుబొమ చీల్చింది. బయట నిలబడ్డ మా సభ్యుల్లో ఒక్కడూ కదల్లేదు.

పోలీసు స్టేషన్‌లో వాచిన పెదవులతో ఆమె చెబుతుంటే కానిస్టేబుల్‌కు అర్థం కాలేదు. నేను వివరించబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. అదే మాట మూడుసార్లు నెమ్మదిగా చెప్పి రాయించింది.

పది రోజుల తర్వాత సంఘం కూర్చుంది. అధ్యక్షుడు మెత్తగా మొదలుపెట్టాడు. “అయ్యిందేదో అయ్యింది చెల్లె. కేసు వాపస్ తీస్కో. మోటరు సంఘమే బాగు చేయిస్తది, వంతు గూడ పెడ్తం. బజారు ఇజ్జత్ పోతున్నది.”

“నా పళ్లు బజార్లనే పోయినయ్ గదనే,” అన్నదామె. “కేసు తియ్య.”

నోరు మూయించడానికి ఇచ్చేది సాయం కాదు, లంచం అన్నాను. వంతుకూ కేసుకూ ముడిపెడితే నా రాజీనామా రాసుకోమన్నాను. చేతులెత్తమన్నారు. కేసు తీయకున్నా గిర్ని మరమ్మతుకూ వంతుకూ ఒప్పుకునే చేతులు లెక్కకు సరిగ్గా సగం దగ్గర ఆగిపోయాయి. భాయ్ కట్టు కట్టిన చెయ్యి ఎత్తలేక ఎత్తాడు. ఆ ఒక్క చేత్తో గిర్ని నిలబడింది.

నేను ఉత్సాహంగా పట్టిక రాయడానికి కూర్చున్నాను. మొదటి రోజుకు సేటు ఇల్లు రాశాను. అతని భార్య తన గింజలు తెచ్చి ఆ గిర్నిలో పోస్తే, ఆ పిండితో రొట్టె తింటే, ఏ ఉపన్యాసమూ చేయలేని పని జరుగుతుందని నా నమ్మకం.

“ఏం రాసినవ్ అన్నా, పైన?” ముందు పళ్లు లేని నోటితో అడిగింది.

“సేటు ఇల్లు. ఆయన మారాలి గదా అక్కా.”

“ఆయన్ని మార్చుడు నీ పని. పిండి పట్టుడు నా పని. ఆళ్ల గింజలు నా గిర్నిల పొయ్య. కొట్టెయ్.”

సంఘం నియమం ప్రకారం సభ్యులందరి ఇళ్లూ ఉండాలని అనబోయాను. ఆమె నా వైపు చూడటం లేదు, కాగితం వైపే చూస్తోంది. కొట్టేశాను. పెన్ను ఎత్తేదాకా పక్కనే నిలబడింది. తర్వాత మోటరు మేస్త్రి ఎన్నింటికి వస్తాడని భాయ్‌ని అడిగింది.